మల్లయ్య కాక బోరుకు డ్రైవ్

శుక్రవారం

చింతమడకలో మల్లయ్య కాక బోరుకు ఈ రోజు నా చేత్తోనే డ్రైవ్, అంటే మోటారు వేగాన్ని తగ్గించి పెంచే పెట్టె, బిగించాను. ఆ బోరు పది నిమిషాలు పోసి గాలి కక్కేది. నీళ్లు లేకుండా తిరిగి మోటారు కాలిపోయేది. దాన్ని మోసుకుని కాక, కాలిన మోటార్లకు కొత్త తీగ చుట్టే మా నాయిన వైండింగ్ దుకాణానికి వచ్చేవాడు. ఈ ఏడాదే మూడుసార్లు.

బోరులో ఊరినన్ని నీళ్లే తోడేలా మోటారు వేగం యాభై హెర్ట్జ్ నుంచి నలభై రెండుకు తగ్గించాను. ధార సన్నబడింది. కాక ముఖం మాడ్చుకున్నాడు.

"గింత సన్నగనా బిడ్డా?"

"జర ఆగు కాకా," అన్నాను. లోపల నాకూ గుబులే.

గంట దాటినా ధార తెగలేదు. గాలి రాగానే మోటారు ఆపేందుకు స్టార్టర్ దగ్గర కాసే కాపలా మానేసి కాక మడిలోకి దిగాడు.

నా వెంట వచ్చిన నాయిన పైపుకు చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. మొన్నటిదాకా డ్రైవ్‌ను డబ్బా అని నవ్విన మనిషి. మా ఇల్లు నడిచేది కాలిన మోటార్లతోనే అని నాకు అప్పుడు తట్టింది. అన్ని బోర్లూ ఇలా నడిస్తే ఆ దుకాణం...

నాయిన లేచి, మడిలోని కాకకు వినబడేలా అరిచాడు.

"మా బిడ్డ పెట్టింది మల్లయ్యా! ఇగ కాలిన మోటరు పట్టుకొని నా దుకాణంకు వచ్చుడు బందే నీకు!"