గెలిచాడని రాయకండి

హెల్మి గారికి,

మీరు మా తమ్ముడు తార్మో మీద తీసిన సినిమా నిన్న మధ్యాహ్నం మా వంటింట్లో కూర్చుని నేనూ వాడూ చూశాం. పాత రాక్ కచేరీలు వస్తున్నంతసేపూ వాడి వేళ్లు బల్ల మీద డ్రమ్స్ వాయిస్తూనే ఉన్నాయి. మత్తుసూదులు గుచ్చుకుని స్నానాలగదిలో పడి ఉన్న రోజుల గురించి బ్యాండువాళ్లు చెబుతున్నప్పుడూ తల తిప్పుకోలేదు. చివర్లో "మత్తును జయించాడు" అన్న అక్షరాలు పడగానే మాత్రం లేచి ఆపేశాడు.

"అక్కా, ఇది అబద్ధమే. ఆవిడకి చెప్పు."

"నువ్వే చెప్పరా."

"నావల్ల కాదు. ఎంత సంబరంగా తీసిందో చూశావుగా."

అందుకే నేను రాస్తున్నాను. మీ షూటింగ్ అయిపోయిన వసంతంలోనే వాడు మళ్లీ సూదులు మొదలుపెట్టాడు. ఈ ఉదయమే చికిత్సాకేంద్రంలో దింపి వచ్చాను.

ఇంతకుముందు కూడా వాడు గెలిచాడని చుట్టాలను పిలిచి కేకులు కోశాం. మళ్లీ అందరికీ సంజాయిషీ చెప్పుకునే ఓపిక నాకు లేదు. తాంపెరే ఊళ్లో ఈ సినిమా తొలి ఆట రోజున హాలంతా లేచి చప్పట్లు కొడితే వాడు నవ్వుతూ నిలబడతాడు. ఆ నవ్వు మోయలేక మళ్లీ సూది పట్టుకుంటాడు.

జనానికి ఆశ కావాలంటారు మీరు. నాకూ కావాలి. అయినా 'జయించాడు' అన్న ఆ మాట తీసేయండి. వాడు డ్రమ్స్ ముందు కూర్చుని కర్రలు పైకెత్తిన చోట సినిమా ఆపేయండి. ఆ తర్వాత ఏమవుతుందో మాకూ తెలియదు.

సెలవు,
తార్మో అక్క