గంజిలో ఉప్పు

లీటన్,
14 జూన్ 1991

అత్తయ్యగారికి, మీ కోడలు ప్రిస్సిల్లా వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ ముగ్గురం బాగానే ఉన్నాం. మీ మోకాలి నొప్పి తగ్గిందని చదివాక మనసు కుదుటపడింది.

మార్క్ తెలుగు మాట్లాడుతున్నాడా అని అడిగారు. మీ మనవడికి అన్నీ అర్థమవుతాయి. నిన్న "అన్నం తినరా" అంటే, "నాట్ హంగ్రీ, అమ్మా" అన్నాడు. ఆ అమ్మా ఒక్కటైనా మిగిలిందని సంతోషించాను.

మీ అబ్బాయి ఉత్తరాలు ఎందుకు పొట్టిగా వస్తున్నాయని కూడా అడిగారు కదా. అది చెప్పాలనే కూర్చున్నాను.

ఇక్కడి బియ్యం మిల్లు వెనక ఊక గుట్టలుగా పడి ఉంటుంది. దాన్ని మెత్తగా ఆడించి, చిక్కటి గంజి కలిపి, ప్రెస్సులో ఒత్తి ఆరబెడితే కట్టెలకు బదులు పొయ్యిలో వాడుకోవచ్చని ఆయన యజమానిని ఒప్పించారు. కొన్ని నెలలుగా ధ్యాసంతా దాని మీదే, అందుకే ఆ పొట్టి ఉత్తరాలు. మొదటి విడత గంజి తానే కాచుకున్నారు. దిమ్మలు రాయిలా వచ్చాయి. యజమాని చూసి, రెండు వందలు చేసి చూపించు లాజరస్, బాగుంటే ఈ పనికి నిన్నే పెట్టుకుంటాను అన్నాడట.

రెండో విడతకి గంజి నేను కాచిచ్చాను. వారమంతా ముసురు. చూపించే రోజున దిమ్మలన్నీ చెమ్మగిల్లి, పట్టుకుంటే చేతిలోనే విడిపోయాయి. యజమాని "సారీ, మేట్" అని వెళ్ళిపోయాడు.

"నా ప్రొపోర్షనే తప్పు, ప్రిస్సీ. ఇంక ఈ ఎక్స్‌పెరిమెంట్లు నావల్ల కాదు. మండే నుంచి గొర్రెలు కోసే ఫ్యాక్టరీలో జాయినైపోతాను" అన్నారు ఇంటికొచ్చి. చీమని చూసి పక్కకి నడిచే మనిషి అత్తయ్యా, మీ కొడుకు సంగతి మీకు తెలియనిదా.

మర్నాడు ఆ విడిపోయిన దిమ్మల పొడి కాస్త నాలుక మీద వేసుకుని చూశాను. ఉప్పగా ఉంది. గుమ్మంలోకి వచ్చిన ఎవరికీ చప్పిడి గంజి పోయకూడదని మీ వంటింట్లో నేర్చుకున్న చెయ్యి ఇది. గిన్నెలో గంజి కనబడగానే అలవాటుగా గుప్పెడు ఉప్పు వేసేసింది. ముసురుకి ఉప్పు జాడీ ఎలా నీరుకారుతుందో మనకు తెలియదా? ఆయన కాచిన గంజితో చేసిన పాత దిమ్మలు అదే షెడ్డులో, ఆ పక్కనే, ఇంకా గట్టిగానే ఉన్నాయి.

ఆయన పాళ్ళలో ఏ తప్పూ లేదు. నాలుగు రోజులుగా ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. తిడతారని కాదు. ఒక్క మాట కూడా అనరు, అదే నా భయం. చాలా సిగ్గుగా ఉంది.

చెప్పమంటారా వద్దా అని మిమ్మల్ని అడుగుదామనే మొదలుపెట్టాను. మీ జవాబు రావడానికి మూడు వారాలు పడుతుంది. సోమవారానికి మూడు రోజులే ఉంది.

అందుకని కవరు అంటించకుండా ఆయన బల్ల మీద పెడుతున్నాను. మీకు ఉత్తరాలు పోస్టు చేసేది ఎప్పుడూ ఆయనే కదా, ఆ పని ఈసారీ ఆయనకే వదిలాను. ఇది మీ చేతికి అందిందంటే, ఆయన చదివినట్టే.

ఇట్లు,
మీ కోడలు
ప్రిస్సిల్లా