నాన్న నాడె

క్పెటోయె, ఘనా

అమ్మా, జ్వరం తగ్గింది, బెంగపడకు. బడిలో పిల్లలకు మన రంగురంగుల కెంటే గుడ్డ పట్టీల నేత నేర్పుతున్నాను. నిన్న ఎసీనమ్ అనే పిల్ల మగ్గం ముందు కూర్చోబోతే, "ఆడాళ్లు నూలు కండెలు చుట్టాలి గానీ నేస్తారా?" అని మగపిల్లలు ఎగతాళి చేశారు.

ఆ పిల్ల నావైపు తిరిగి, "మీ ఇంట్లో కండెలెవరు చుట్టేవారు సార్?" అంది.

"మా అమ్మ. వంటింట్లోంచే మగ్గం చప్పుడు విని, పోగు తెగిందని నాన్నకు చెప్పేది."

"అంటే ఆవిడకు నేత తెలిసినట్టే గదా. మరెందుకు నేయలేదు?"

నేను లేచి, పిల్లను మగ్గం ముందు కూర్చోబెట్టాను.

చెల్లికి దగ్గు తగ్గిందా? ఎండుచేపలు పంపు. మామయ్యకు నా దండాలు. మగ్గంలో అడ్డపోగు నడిపే నాన్న నాడె మాత్రం ఎవరిచేతా పంపకు, నువ్వే తీసుకురా. బడిలో ఒక మగ్గం ఖాళీగా ఉంచాను.

నీ కొడుకు,
సెలోమ్