చిట్టమ్మ ఎవరని అడిగావు

చిరంజీవి సౌభాగ్యవతి సత్యశ్రీకి బావ ఎల్లాజీ రాసేది. ఇక్కడ నేనూ పాపా బాగానే ఉన్నాం. నీ కాళ్ళ బొబ్బలు మానాయనీ, పొద్దుటి పరుగు ఒంటికి పట్టిందనీ తలుస్తాను.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. కవరు ఒక పక్క ఊడిపోయి ఉంది. పోస్టులోనే ఊడిందో, గేటు దగ్గర పెట్టెలోంచి ఎవరైనా తీసి చదివి మళ్ళీ అందులో పడేశారో తెలీదు. ఈ మధ్య నాకు అందరి మీదా అనుమానమే. నీకు నా ఒక్కడి మీదే, నువ్వే నయం.

ఆదివారం మీ ట్రైనింగ్ వాళ్ళు ఇచ్చే పది నిమిషాల ఫోనూ పాపే లాక్కుంటుంది. నేను మాట్లాడినా పక్కనే నిలబడి ప్రతి మాటా వింటుంది. అందుకే కాగితం పట్టాను.

పాప దగ్గు తగ్గింది. స్కూలు బూట్లు బిగుతైపోతే గాజువాకలో కొత్తవి కొన్నాను, ఒక సైజు పెద్దవే. గ్యాసు బండ వచ్చింది. పోయిన ఆదివారం హార్బరుకి వెళ్ళి చందువ చేపలు తెచ్చాను, పాప రెండు ముక్కలు తింది. ఇంతవరకూ నువ్వడిగిన చిన్న ప్రశ్నలు.

పెద్దవి మూడున్నాయి. నేను పంపిన ఫోటోలో పాప జడలు రెండూ సమానంగా ఉన్నాయి, పాపిడి తిన్నగా ఉంది, "ఇది నీ చేతి పని కాదు బావా, ఎవరు వేశారు" అన్నావు. పెరట్లో తీగ మీద నీ ఆకుపచ్చ చీర ఎందుకు వేలాడుతోందని అడిగావు. చివర, కాగితం చిరిగేలా నొక్కి, "చిట్టమ్మ ఎవరు" అని రాశావు. దాని కింద ఒక్కటే వాక్యం. నెలాఖరుకి ట్రైనింగ్ మానేసి వచ్చేస్తానని.

మూడేళ్ళు చదివి, చీకటితో లేచి గ్రౌండ్ చుట్టూ తిరిగి సంపాదించిన కానిస్టేబుల్ ఉద్యోగం. ఎవరో ఆడమనిషి పేరు చెవిన పడిందని వదిలేస్తావా అని ముందు నాకు కోపం వచ్చింది. తర్వాత, నీకు ఈ మాటలన్నీ మోసింది ఎవరా అని రెండు రోజులు అదే ఆలోచన.

పై వాటా అనూరాధక్క మీదే నా అనుమానం. బడి వదిలాక నేను డ్యూటీ దిగి వచ్చేదాకా పాప ఆవిడ దగ్గరే ట్యూషన్లో ఉంటుంది కదా. ఆవిడ మీ అమ్మకి ఫోన్ చేస్తుంది, అత్త నీకు చేరవేస్తుంది. అత్త కిందటి నెల వచ్చినప్పుడు ఊరికే చూసిపోదామని వచ్చానంది. వంటింట్లో డబ్బాల మూతలు తీసి చూసింది. మంచం కింద వంగి చూసింది. దువ్వెనలో వెంట్రుక తీసి కిటికీ దగ్గర వెలుతురులో పట్టి చూసింది. అది నీ కూతురిదే. పోలీసు ఉద్యోగం నీకొచ్చింది కానీ, ఆ పరీక్షలేవో ఆవిడ రాసుండాల్సింది.

సరే, నా అనుమానం కూడా విను. పదిరోజుల కిందట పాప తెలుగు నోట్సుకి అట్ట వేస్తుంటే ఒక పేజీ కనబడింది. "మా ఇల్లు" అని టీచరు రాయమన్నదట. "మా నాన్న ప్లాంటులో పని చేస్తారు. ఇంటికి వచ్చి పేపరు చదువుతారు. చిట్టమ్మ వంట చేస్తుంది, బట్టలు ఉతుకుతుంది. మా అమ్మ కుట్టు నేర్చుకోవడానికి వెళ్ళింది." కింద ఎర్ర సిరాతో టీచరు స్టార్ పెట్టింది.

ఎనిమిదేళ్ళ పిల్లకి ఇన్ని అబద్ధాలు ఎవరు నేర్పారు? అత్తే అనుకున్నాను, "ఆడపిల్లకి లాఠీ ఏటి" అని మొదట్నుంచీ అంటున్నది ఆవిడే కాబట్టి. టీచర్ని అనుమానించాను. చివరికి మెట్లెక్కి అనూరాధక్కనే నిలదీశాను.

ఆవిడ చాటలో బియ్యం ఏరుతూ తలెత్తలేదు. "నాకేటి తెల్సు తమ్ముడూ? చిట్టమ్మ కూర బాగుందని నీ కూతురే రోజూ సెప్తాది. నాలుగు నెల్లయింది, ఆ మడిసి గేటు దాటి వచ్చిందీ నేదు, ఎల్లిందీ నేదు. నాను ఒక్కనాడు సూడనేదు. మరి నువ్వే సెప్పాలి" అంది. అప్పుడు తలెత్తి చూసింది సత్యా. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు దిగి వచ్చేశాను.

చిట్టమ్మ అనే మనిషి లేదు. ఆ చిట్టమ్మని నేనే.

నువ్వు వెళ్ళిన మొదటి వారం, చారు పోపు పెడుతుంటే అనూరాధక్క గుమ్మంలోకి వచ్చి "ఎవరొండుతన్నారు, ఇంత వాసన వత్తంది" అంది. నేను వండుతున్నానంటే ఏమైపోయేది? ఏమీ అయ్యేది కాదు. కానీ నోట్లోంచి "పనామె, చిట్టమ్మని" అని వచ్చేసింది. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ పేరు. ఇక అక్కడ్నుంచి చిట్టమ్మే వండింది, చిట్టమ్మే ఉతికింది. నీ చీర తీగకి అడ్డంగా కట్టి దాని చాటున కూర్చుని బట్టలు ఉతికేవాణ్ణి, పై వాటాకి కనబడకుండా. జడలంటావా, కిటికీ ఊచకి మూడు చున్నీ పీలికలు కట్టి నేర్చుకున్నాను. క్రేనుకి ఇనప తాళ్ళు అల్లేవాడికి అదేం పెద్ద కష్టం కాదు. పనులన్నీ చేశాను సత్యా, బాగానే చేశాను. నా అంత మంచి తండ్రి లేడని లోపల్లోపల మురిసిపోయాను కూడా.

ఆ సాయంత్రం పాపని కూర్చోబెట్టి అడిగాను, ఇలా రాయమని నీకు ఎవరు చెప్పారమ్మా అని. నేనేదో పరీక్ష పెడుతున్నాననుకుని అనుమానంగా చూసింది.

"నువ్వే కదా నాన్నా."

"నానెప్పుడు సెప్పేను?"

"బెల్లు కొడితే గరిటె నాకిచ్చేసి పేపరట్టుకుని కూర్సుంటావు కదా. ఆల్లెళ్ళేదాకా కలుపుతుండమంటావు. మగాళ్ళు వండితే ఎవరికీ సెప్పకూడదు. నాకు తెల్సు."

నిజమే. బెల్లు మోగిన ప్రతిసారీ గరిటె దాని చేతికే ఇచ్చాను. దానికి గట్టు అందదని పీట కూడా వేశాను. నేను చేసే పని చూసి నేర్చుకుంటుందనుకున్నాను. అది నా దాచుకోవడం చూసి నేర్చుకుంది.

ఇంకొకటి ఉంది. ఇది రాయకూడదనే అనుకున్నాను, కానీ నోట్సులో ఆ కుట్టు మాట ఎక్కడిదో నువ్వు అడక్క మానవు. అది కూడా నాదే. ప్లాంటులో మా సెక్షన్లో ఒకతని భార్యకి బ్యాంకులో పెద్ద ఉద్యోగం వస్తే, అతన్ని "మేడమ్ గారి డ్రైవర్" అని ఏడాది పాటు ఏడిపించారు. ఏడిపించినవాళ్ళలో నేనూ ఉన్నాను. నాకూ అలాంటి పేరే పడుతుందని భయపడ్డాను. నాతో పనిచేసే నవీన్ దారిలో ఆపి చెల్లెమ్మ ఏదని అడిగితే కుట్టు నేర్చుకోవడానికి వెళ్ళిందన్నాను. పాప బండి మీద వెనకే కూర్చుని ఉంది. నువ్వు అక్కడ ఎండలో పరేడ్ చేస్తుంటే నేనిక్కడ నిన్ను చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాను. నన్ను తిట్టు, పడతాను.

సోమవారం క్యాంటీన్లో నవీన్‌కి ఉన్నదున్నట్టు చెప్పేశాను. కడుపు పట్టుకుని నవ్వాడు. అందరూ లేచి వెళ్ళాక దగ్గరికొచ్చి, "బావా, చారులో ఇంగువ ముందెయ్యాలా, దించేకెయ్యాలా" అని అడిగాడు. వాడూ ఇంట్లో వండుతాడని నా అనుమానం.

పాపకి కూడా చెప్పాను, ఇక దాచక్కర్లేదని. ఊఁ అంది. నిన్న సాయంత్రం మెట్ల దగ్గర అనూరాధక్క ఎదురైతే దాని ముందే, "అక్కా, చిట్టమ్మ లేదు. వండేదీ ఉతికేదీ నానే. సత్య పోలీసు ట్రైనింగ్‌లో ఉంది, కుట్టు నేర్సుకుంటందని అబద్ధం సెప్పింది కూడా నానే" అన్నాను. ఆవిడ నోరు తెరిచేలోపే పాప నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నాన్న ఊరికే అంటన్నారు ఆంటీ. చిట్టమ్మే వండింది. వంకాయ కూర" అంది.

ఇంట్లోకొచ్చి తలుపేసి నన్ను కోప్పడింది. "ఎందుకు సెప్పేసేవు నాన్నా? నిన్ను సూసి నవ్వుతారు. అమ్మని సూసి కూడా నవ్వుతారు. నాను కొంచెం పెద్దయితే నువ్వు వండక్కర్లేదు, నానే వండేస్తాను. అందాకా సెప్పకు" అంది. ఎనిమిదేళ్ళ పిల్ల నా పరువు కాపాడుతోంది సత్యా. నాకు ఏడుపొచ్చింది, దాని ముందే ఏడ్చాను.

బెల్లు మోగితే ఇప్పుడు నేను గరిటె వదలడం లేదు. అయినా అది పరిగెత్తుకొచ్చి పీట ఎక్కుతోంది. నేను చెప్పేది నమ్మడం లేదు, నాలుగు నెలలు చూసిందే నమ్ముతోంది. నువ్వు గానీ ట్రైనింగ్ మానేసి వచ్చి ఈ పొయ్యి దగ్గర నిలబడితే, తాను నేర్చుకున్నదే సరైందని అది ఖాయం చేసుకుంటుంది. నువ్వు లేక ఇల్లు ఎలా ఉందో నాకు తెలుసు. అయినా రావద్దు సత్యా.

ఇట్లు,
నీ బావ,
ఎల్లాజీ