రెండు సైజులు పెరిగిన వ్యాను

మరదలికి,

ఇక్కడ నేనూ మీ అక్కా క్షేమం. వ్యాను పరిస్థితే బాగాలేదు. మన నర్సరీ నుంచి మెయిన్ రోడ్డు దాకా ఉన్న రాళ్లదారి నీకు తెలిసిందే. ఇరవై రెండేళ్ల బండి కదా, ప్రతి రాయినీ పొట్టతో పలకరిస్తోంది. నిన్న సైలెన్సర్ ఊడిపోతే, గులాబీ మొక్కల మధ్య కూర్చోబెట్టి సంతకు తీసుకెళ్లాను. ఇద్దరు బేరమాడారు కూడా. టైర్ల పని నీకు కొట్టినపిండి. పెద్ద చక్రాలు వేస్తే ఎలా ఉంటుందో చెప్పు.

ఊగుతూ, కుదుపుతూ,
మీ బావ

తా.క.: మీ అక్క అక్కర్లేదంటోంది. అంటే మంచి ఆలోచనేనన్నమాట.

*

బావగారికి నమస్కారాలు.

చక్రాలు చెప్పుల్లాంటివి కావు, వదులైనా పర్లేదనుకోవడానికి. ఒక సైజు పెంచితే బండి సర్దుకుంటుంది. రెండు పెంచితే మలుపులో మడ్‌గార్డుకు రాసుకుంటుంది, ఎత్తు ఎక్కేటప్పుడు మూలుగుతుంది, మీటరు తప్పు చూపిస్తుంది. తొందరపడకుండా నా షాపుకు తీసుకురండి.

చేతులు కడుక్కునే రాశాను, మరకలుంటే క్షమించండి.
మీ మరదలు

తా.క.: ఉత్తరం చివరిదాకా చదవండి. అక్క మీ గురించి చెప్పింది.

*

మరదలికి,

నీ సలహా ప్రకారమే రెండు సైజులు పెంచేశాను. "రెండు పెంచితే" అన్న దగ్గర కళ్లజోడు జారి నీళ్లతొట్టిలో పడింది. మిగతాది మెచ్చుకోలే అయ్యుంటుందని, ఇక్కడి షాపులోనే పని కానిచ్చేశాను.

అద్భుతం! ఒక్క రాయి తగిలితే ఒట్టు. ఇంకో వింత విను. సంత నలభై కిలోమీటర్లుండేదా, ఇప్పుడు ముప్పై ఆరే! దారి తగ్గింది! పైగా నేను ఎప్పటిలా యాభైలోనే వెళ్తున్నా అందరినీ దాటేస్తున్నాను. పాపం, జనానికి హుషారు తగ్గింది.

మబ్బుల్లోంచి,
మీ బావ

తా.క.: మీ అక్క రెండు వారాలుగా సంతకు రావడం లేదు. ఏమైందని అడిగితే వ్యాను వంక చూస్తోంది. అసూయేమో.

*

బావగారికి,

దారి తగ్గలేదు, మీటరు అబద్ధమాడుతోంది. చక్రం పెద్దదైతే ఒక్క చుట్టుకే ఎక్కువ దూరం పోతుంది. మీటరుకు తెలిసింది చుట్లు లెక్కపెట్టడమే. అది యాభై అన్నప్పుడు మీరు యాభై అయిదులో ఉన్నారు. దయచేసి నెమ్మదిగా నడపండి.

అక్కది అసూయ కాదు, మోకాళ్లు. మెట్టు అంత ఎత్తుకు పోతే ఎలా ఎక్కుతుంది? మీతో చెప్పడానికి మొహమాటపడి నాతో చెప్పుకుంది. సంత అంటే తనకు ప్రాణమని మీకు తెలియదా?

కోపంగా, అయినా గౌరవంగా,
మీ మరదలు

తా.క.: తను లేనప్పుడు మీరు మందారమని అమ్మింది బెండ మొక్కట. కొన్నావిడ లేత కాయలు కోసి తెచ్చి అక్క చేతిలో పెట్టిందట.

*

మరదలికి,

నీ ఉత్తరం ఈసారి చివరిదాకా చదివాను. సిగ్గేసింది. ఇవాళ పొద్దున స్టూలు వేసి, "ఎక్కు, నేను పట్టుకుంటాను" అన్నాను. మీ అక్క ఎక్కబోయింది. తను కూర్చునే వైపు చేత్తో పట్టుకోవడానికి ఏమీ లేదు. దిగి, చుట్టూ తిరిగి, స్టూలు నా వైపు వేసుకుని, స్టీరింగ్ పట్టుకుని ఒక్క ఊపులో ఎక్కి కూర్చుంది.

"జరుగు, నేను నడపాలి" అన్నాను.

"మీరు అటు ఎక్కండి. మీ మోకాళ్లు బాగానే ఉన్నాయిగా" అంది.

లైసెన్సేదంటే సంచిలోంచి తీసింది. తొమ్మిదేళ్లుగా ఉందట! నేర్పింది నువ్వట! పుట్టింటికి వెళ్లి అక్కచెల్లెళ్లు కబుర్లాడుకుంటున్నారనుకున్నాను. గేర్లు మారుస్తున్నారా?

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?" అన్నాను.

"మీకున్న సరదా ఇదొక్కటే కదా, లాక్కోవడం ఎందుకని" అంది.

చుట్టూ తిరిగి వెళ్లి తన సీట్లో కూర్చున్నాను. సంతలో పదకొండింటికల్లా మొక్కలన్నీ అయిపోయాయి. మందారాన్ని మందారమనే అమ్మింది. ఆదివారం నీ షాపుకు వస్తున్నాం, ఒక సైజు తగ్గించు. తిరుగు దారిలో వ్యానులోనే రాస్తున్నాను, అక్షరాలు వంకరపోలేదు చూడు. అంత బాగా నడుపుతోంది.

కిటికీ పక్క సీటులోంచి,
మీ బావ

తా.క.: చక్రాలు మార్చాక నా సీటు నాకిస్తావా అని ఇప్పుడే అడిగాను. హారన్ కొట్టింది. ముందు రోడ్డు మీద ఎవరూ లేరు.