తూచని తుప్పు

బందరు, 1959 శ్రావణం, బుధవారం

పాఠానికి ముందు దాని చరిత్ర చెప్పడం ఈ ఏడాది నాకు పట్టుకున్న పిచ్చి. ఇవాళ పదకొండో తరగతికి తుప్పు పాఠం. తుప్పు పట్టిన లోహంలోంచి ఏదో బయటికి పోతుందని పూర్వం మహామహులే నమ్మారనీ, ఒక ఫ్రెంచి శాస్త్రవేత్త ఎవరి మాటా వినకుండా తక్కెడ పట్టుకుని, గాలిలోంచే కొంత వచ్చి చేరి బరువు పెరుగుతుందని తేల్చాడనీ చెప్పాను. బాగా చెప్పాననే అనుకున్నాను.

పెడన నుంచి వచ్చే సరస్వతి లేచింది. వాళ్ళది కలంకారీ అద్దకం ఇల్లు.

"నల్లరంగు కోసం మా నాన్నగారు బెల్లం నీళ్ళల్లో పాత మేకులు నానేస్తారండి. తీసేసరికి సన్నబడిపోతాయి. మరి బరువు పెరగడమేంటండి?"

"అక్కడ ఇనుము నీళ్ళలో కరిగిపోతుందమ్మా. ఇది వేరు."

"మీరు తూచి చూశారాండీ?"

క్లాసంతా నవ్వింది. "కూర్చో!" అని కసిరాను. ఎందుకు కసిరానో ఇప్పటికీ అర్థం కావడం లేదు. ఆ పిల్ల అడిగింది నేను చెప్పిన కథలోంచే కదా?

పన్నెండేళ్ళుగా ఈ పాఠం చెబుతున్నాను. ఒక్క మేకు తూచిన పాపాన పోలేదు. మా తక్కెడ అద్దాల పెట్టెలోంచి ఇన్‌స్పెక్షన్ రోజున తప్ప బయటికి రాదు.

రేపు ఆ పెట్టె తాళంచెవి అడగాలి. మేకులు సరస్వతినే తెమ్మంటాను. తుప్పు పట్టాక మళ్ళీ తూచినప్పుడు ఒకవేళ తక్కెడ ముల్లు నేను చెప్పిన వైపు మొగ్గకపోతే, తప్పు తక్కెడదని అనకుండా ఉండగలనా?