నట్లు వదులు, చూసుకో

తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నాం, నువ్వు నాకు అంటగట్టిన బండి తప్ప.

కొత్తది కొనుక్కుని పాతది నాకిచ్చిపోయేటప్పుడు "అక్కా, ఇది చెప్పిన మాట వింటుంది" అన్నావు. ఇది మాట వినడం సంగతి దేవుడెరుగు, దీని మాటే ఊరంతా వింటోంది. యాక్సిలరేటర్ తిప్పినంతసేపూ నోట్లో నాలుక లేనట్టు పోతుంది. మలుపులోనో దిగుడులోనో చెయ్యి వదిలానా, వెనక సైలెన్సర్‌లో టప్, టపటప, ఢాం. పశువులకు సూదులు వేసి బతికేదాన్ని నేను. పాక ముందు ఆగాలంటే చెయ్యి వదలాలి కదా. అంటే సరిగ్గా పశువుల ముందుకు వెళ్లాకే పేలుతుంది. దానికి ఇంకెక్కడా చోటు లేనట్టు.

ఇక్కడి మెకానిక్ ప్లగ్గు మార్చాడు. తగ్గలేదు. కార్బురేటర్ విప్పి కడిగాడు, ఏదో స్క్రూ అటూ ఇటూ తిప్పాడు. తగ్గలేదు. "పాత బండి కదమ్మా, దగ్గుతుంది" అని చేతులు తుడుచుకున్నాడు. నేనూ అలాగే "ముసలి గేదె కదా, దగ్గుతుంది" అని వచ్చేస్తే ఊరుకుంటారా?

అందుకే నీకు రాశాను. నీ కార్డు వచ్చింది. దాని మీద నువ్వు రాసింది ఇంతే: "సైలెన్సర్ మెడ దగ్గర నట్లు వదులు. చూసుకో." ఎన్ని మెకానిక్ షెడ్ల నీళ్లు తాగినవాడివి, నీకు తెలియదా అనుకున్నాను. పానా పట్టుకుని, పైపు ఇంజన్‌ను కలిసే చోట నట్లు రెండూ వదిలాను. చూసుకోమన్నావుగా, చూసుకుంటూనే వెళ్లాను.

నల్లావు పెద్దమ్మ పాక ముందు దిగుడు నీకు తెలుసు. అక్కడ చెయ్యి వదిలాను. తుపాకీ పేలినట్టయింది. ఆవు చేలో పడింది. దాని పెయ్య పలుపు తెంపుకుని కంచె మీద పడి మోకాలు చీరుకుంది. సూది వేద్దామని వెళ్లినదాన్ని కుట్లు వేసి వచ్చాను. "నీ బండి పాడుగాను, ఇక ఈ ఆవు చేపినట్టే, నేను పాలు పిండినట్టే!" అని పెద్దమ్మ సూపర్‌వైజర్ దగ్గరికి పోయి గోల పెట్టింది. ఆయన నన్ను పిలిచి "సూదులమ్మా, మీరు వైద్యానికి వెళుతున్నారా, వేటకి వెళుతున్నారా?" అన్నాడు. గాలికుంటు టీకాలు మొదలయ్యేలోపు బండి నోరు మూయించకపోతే నా పాకలన్నీ, స్కూటర్ మీద సూదులకు తిరిగే ఇంకో అబ్బాయికి ఇచ్చేస్తాడట.

ఇదంతా ఒక ఎత్తు. ఇంటికి వచ్చేసరికి మీ బావ కుట్టుమిషన్ ముందు ఉన్నారు, ఎప్పటిలాగే నోటినిండా గుండుసూదులు. ఆఫీసువాళ్లిచ్చిన కోటైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి జరిగిందంతా చెప్పాను. "ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?" అన్నాను. తలెత్తి నన్ను పైనుంచి కిందిదాకా ఒకసారి చూశారు. "వదులు" అన్నారు. మళ్లీ మిషన్ తొక్కుకున్నారు.

అంతే. ఈ పని నేర్చుకోవడానికి నేను ఎవరెవరి గుమ్మాలు ఎక్కానో నీకు తెలుసు. ఆయనకూ తెలుసు. గుడ్డపీలిక కత్తిరించినట్టు ఒక్క మాటతో తేల్చేశారు. నేనూ మళ్లీ అడగలేదు. టీకాలు మొదలయ్యే రోజు పొద్దున మందుపెట్టె, కోటు అప్పగించేస్తానని సూపర్‌వైజర్‌కి చెప్పేశాను. అమ్మకి మాత్రం నువ్వేమీ చెప్పకు.

వీలు చూసుకుని వచ్చి నీ బండి నువ్వు తోలుకుపో.

ఇట్లు,
నీ కార్డు పుణ్యమా అని నవ్వులపాలైన అక్క

*

అక్కకి,

నమస్కారాలు. నీ ఉత్తరం చదువుతూ నవ్వాను. పెయ్య మోకాలి దగ్గరికి వచ్చేసరికి ఆపేశాను.

నట్లు విప్పమని నేనెప్పుడు చెప్పానే? అవి వదులుగా ఉండి ఉంటాయి, చూసుకుని బిగించుకో అని రాశాను. షెడ్లో మేం అలాగే అనుకుంటాం, "నట్టు వదులు, చూడు" అని. నువ్వు చక్కగా రోగం ఉన్నచోటే ఇంకాస్త పెంచి పెట్టావు.

ఇప్పుడు విను. చెయ్యి వదిలినప్పుడు ఇంజన్‌లో పెట్రోలు పూర్తిగా కాలదు. ఆ పచ్చి పొగ పైపులోకి వస్తుంది. మెడ దగ్గర సందు ఉంటే పైపు బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. పచ్చి పొగ, గాలి, కాలుతున్న పైపు, మూడూ కలిస్తే పేలక ఏం చేస్తుంది? నువ్వు తిప్పుతున్నప్పుడు పొగ జోరుగా బయటికి తోసుకొస్తుంది కాబట్టి గాలి లోపలికి రాలేదు. అందుకే అప్పుడు బుద్ధిమంతురాలిలా ఉంటుంది.

బండి చల్లగా ఉన్నప్పుడు మెడ చుట్టూ మసి చార ఉందేమో చూడు. సబ్బు నురగ పూసి స్టార్ట్ చెయ్యి. బుడగలు పొంగితే దొంగ దొరికినట్టే. పొంగకపోతే కార్బురేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య రబ్బరు గొట్టం పగిలిందేమో చూడు. ఆ మెకానిక్ తిప్పిన స్క్రూ జోలికి ఇప్పుడే పోకు. ఒకేసారి రెండు మందులు వేస్తే ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుంది? ఇది నువ్వు నాకు చెప్పిన మాటే.

నట్లు వదిలి తిరిగావు కాబట్టి లోపలి రాగి రింగు మాడిపోయి ఉంటుంది. కొత్తది పంపుతున్నాను. పాతది గీకి తీసెయ్, దాని మీదే కొత్తది పెట్టకు. నట్లు ఇదొక చుట్టు, అదొక చుట్టు తిప్పుతూ బిగించు. మళ్లీ చెబుతున్నాను, బిగించు.

ఇక పని సంగతి. బావ అలా అన్నాడంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు. కానీ నీ ఇల్లు నాకన్నా నీకు తెలుసు. మానేస్తే మానెయ్, బండి బాగయ్యాక మానెయ్. లేకపోతే సూదులమ్మని సైలెన్సర్ మానిపించిందని నీ మనవళ్ల దాకా చెప్పుకుంటారు.

ఇట్లు,
ఇంకొక్క ముక్క రాసి ఉండాల్సిన తమ్ముడు

*

తమ్ముడికి,

అక్క దీవెనలు. దొంగ దొరికాడు.

సబ్బు నురగ గిన్నె మీ బావ పట్టుకున్నారు, నేను పూసి కిక్కు కొట్టాను. మెడ చుట్టూ పాలు పొంగినట్టు పొంగింది. రింగు ఒకవైపు రేకులా అణిగి, నల్లగా మాడి ఉంది. ఊడి రాకపోతే, మీ బావ కుట్లు విప్పే కొక్కెం తెచ్చి మాట్లాడకుండా చేతిలో పెట్టారు. కొత్తది పెట్టి, నువ్వు చెప్పినట్టే ఇదొక చుట్టు అదొక చుట్టు బిగించాను. ఈయనకి ఇంత శ్రద్ధ ఎందుకా అనుకున్నాను. బాగుచేసి అమ్మెయ్యడానికి కాబోలు అని సరిపెట్టుకున్నాను.

ఆ సాయంత్రమే పెద్దమ్మ పాకకి వెళ్లాను. దిగుడులో చెయ్యి వదిలితే చెవుల దగ్గర గాలి తప్ప ఏమీ లేదు. సూపర్‌వైజర్ పరీక్షకొచ్చినట్టు ముందే వచ్చి నిలబడ్డాడు. పెద్దమ్మ వంగి పేడ ఎత్తుతోంది. నల్లావు కట్టు లేకుండా తిరుగుతోంది. నేను సూది బయటికి తీయగానే తోక ఎత్తి మళ్లీ అదే చేలో పడింది.

"ఇదేంటి, బండి పేలలేదుగా! ఎందుకు పారిపోయింది?" అన్నాడు సూపర్‌వైజర్.

"పేలకే పారిపోయింది!" అని పెద్దమ్మ చేట కింద పడేసింది. "ఆ టపటప వినబడితే లేచి ఆవుని కట్టేసేదాన్ని. ఇలా పిల్లిలా వస్తే ఈవిడొచ్చిందని నాకు కల వస్తుందా?"

"మరి పేలిందనే కదమ్మా నా ప్రాణం తీశావు?" అన్నాడాయన.

"అది మరీ ఎక్కువ పేలింది నాయనా. మామూలుగా పేలిన రోజు నేనేమైనా అన్నానా?"

ఆయన నా వైపు తిరిగి దణ్ణం పెట్టినంత పని చేశాడు. "మీరూ మీరూ తేల్చుకోండి. బండి మీద నాకింకేం పేచీ లేదు. పెట్టె ఇచ్చేస్తానన్నారు, అది మీ ఇష్టం" అని వెళ్లిపోయాడు.

ఇక మిగిలింది మీ బావ అన్న ఒక్క మాటే. రాత్రంతా అదే నమిలాను. అడిగితే ఇంకోసారి వినాల్సి వస్తుందని అడగలేదు.

టీకాల రోజు పొద్దున పెట్టె తుడిచి, కోటు కోసం వెళితే మేకుకి లేదు. మిషన్ మీద మడతపెట్టి ఉంది. ఎలాగూ ఇచ్చేసేదే కదా అని ఒకసారి తొడుక్కున్నాను. కోటు భుజాలు నా భుజాల మీదే ఆగాయి. చేతులు మణికట్టు దాటలేదు.

"దీన్నెప్పుడు బిగించారు?" అన్నాను.

నోట్లో సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చి, అప్పుడు చెప్పారు. "ఆ రోజే చెప్పాగా, వదులని. చేతులు హ్యాండిల్‌కి తగులుకుంటే పడతావని టీకాలలోపు కుట్టేశాను."

"నేనడిగింది పని గురించి!" అని అరిచానురా.

"పని గురించి నన్నడగడమేంటి? పశువుల సంగతి నాకేం తెలుసు?" అన్నారు.

చూశావా? దూరాన ఉన్నవాడు కార్డు మీద ఒక ముక్క, ఇంట్లో ఉన్నవాడు సూదుల సందులోంచి ఒక ముక్క. మీ ఇద్దరి పొదుపుకి ఒక పెయ్య మోకాలు చీరుకుంది, నా పని పోబోయింది. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక పెట్టె బండికి కట్టుకుని టీకాలకి పోయాను. తిరిగొచ్చేసరికి చీకటి పడింది. పెట్టె అప్పగించలేదు.

పెయ్య కుంటడం లేదు. ఇప్పుడు నాకు హారన్ కావాలి. పాకలవాళ్లకి నేనొస్తున్నట్టు తెలియాలి, ఈ బండి హారన్ చూస్తే చిమ్మెట కూతంత. ఏం చెయ్యాలో రాయి. విప్పాలంటే విప్పు అని రాయి, బిగించాలంటే బిగించు అని రాయి. ఆ మూడక్షరాల మాట మాత్రం ఈ ఇంటికి రాయకు.

ఇకమీదట నాతో మాట్లాడేటప్పుడు సూదులు తీసి మాట్లాడమని మీ బావకి గట్టిగా చెప్పాను. సరేనని తలూపారు. నోటినిండా సూదులున్నాయి మరి.

ఇట్లు,
కోటు సరిపోయిన నీ అక్క